బ్రేకుల పంపకం: ఇంట్లో కట్టుకున్న కారులో ముందెంత, వెనకెంత?

కారులో బ్రేకు పెడల్ ఒక్కటే ఉంటుంది. అది ఆపాల్సిన చక్రాలు నాలుగు. తొక్కిన బలంలో ముందు చక్రాలకు ఎంత వెళ్లాలి, వెనక చక్రాలకు ఎంత వెళ్లాలి అన్నది ఎవరో ఒకరు ముందే తేల్చిపెట్టాలి. షోరూములో కొన్న కారుకైతే ఆ పని కంపెనీ ఇంజినీర్లు చేసి ఉంటారు. ఇప్పటి కార్లలో ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును క్షణక్షణం వదిలి పట్టే ఏర్పాటు) ఉంటుంది. ముందు వెనకల వాటాను నడుస్తుండగానే సర్దే కంప్యూటరూ ఉంటుంది. అందుకే మనలో చాలామందికి ఈ ప్రశ్న ఎప్పుడూ ఎదురుకాదు.

కారును సొంతంగా కట్టుకునేవారు మాత్రం దీన్ని తప్పించుకోలేరు. బ్రేకులు గట్టిగా పడుతున్నాయా లేదా అని చూసుకుంటే సరిపోదు. ఏ చక్రాలు ముందుగా పట్టు వదులుతాయో కూడా తెలియాలి. ప్రాణాల మీదికి తెచ్చేదీ, ప్రాణాలు నిలబెట్టేదీ ఆ వరుసే.

కిట్ కారు కథ

బ్రిటన్‌లో కిట్ కార్లకు (విడిభాగాలుగా తెచ్చుకుని ఇంటి గ్యారేజీలో బిగించుకునే కార్లకు) పెద్ద చరిత్రే ఉంది. కాలిన్ చాప్‌మన్ అనే ఇంజినీరు 1957లో లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారును తెచ్చాడు. అప్పట్లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను పడేది. విడిభాగాలు కొని సొంతంగా బిగించుకుంటే ఆ పన్ను తప్పేది. దాంతో ఎందరో సామాన్యులు పానాలు పట్టుకుని గ్యారేజీల్లోకి దిగారు. 1973లో ఆ కారు హక్కులు కేటర్‌హామ్ సంస్థకు వెళ్లాయి. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు ఎలా కట్టుకోవచ్చో చెబుతూ ఒక పుస్తకం రాశాడు. ఇనుప గొట్టాలను వెల్డింగ్ చేసి చట్రం సొంతంగా చేసుకోవాలి. ఇంజిను, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్, బ్రేకులు మాత్రం పాత ఫోర్డ్ ఎస్కార్ట్ నుంచి విప్పి తెచ్చుకోవాలి. ఇలా భాగాల కోసం విప్పే బండిని డోనర్ కారు అంటారు.

ఆ పాత ఎస్కార్ట్‌లు ఇప్పుడు అరుదైపోయాయి. దొరికినా ధర ఎక్కువ. అందువల్ల ఫోర్డ్ సియెర్రా, మాజ్దా ఎంఎక్స్-5 వంటి కార్ల భాగాలు వాడుతున్నారు. కొందరు ముందు బ్రేకులు ఒక కారువి, వెనకవి ఇంకో కారువి తెచ్చి కలుపుతారు. డోనర్ మారిన ప్రతిసారీ బ్రేకుల లెక్క మొదటికి వస్తుంది. ఎందుకో తెలియాలంటే, బ్రేకు తొక్కినప్పుడు కారుకు ఏం జరుగుతుందో ముందు చూడాలి.

బరువు ముందుకు వాలుతుంది

ఆర్టీసీ బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే మన ఒళ్లు ముందుకు తూలుతుంది. పాదాల దగ్గర బస్సు ఆగుతుంటుంది, పైన శరీరం సాగిపోతుంటుంది. అప్పుడు భారమంతా మునివేళ్ల మీద పడుతుంది. కారుకూ ఇదే జరుగుతుంది. ఆపే బలం రోడ్డు మట్టంలో, టైర్ల దగ్గర పనిచేస్తుంది. కారు గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టుగా లెక్కించే బిందువు) అంతకంటే ఎత్తులో ఉంటుంది. అందువల్ల ముందు చక్రాల మీద భారం పెరుగుతుంది. వెనక చక్రాల మీద అంతే తగ్గుతుంది.

ఎంత భారం మారుతుందన్నది నాలుగు సంగతుల మీద ఆధారపడుతుంది: కారు బరువు, బ్రేకింగ్ తీవ్రత, గరిమనాభి ఎత్తు, వీల్‌బేస్ (ముందు యాక్సిల్‌కూ వెనక యాక్సిల్‌కూ మధ్య దూరం). మొదటి మూడింటినీ గుణించి, వీల్‌బేస్‌తో భాగిస్తే చాలు. బ్రేకింగ్ తీవ్రతను జీలలో కొలుస్తారు. 1 జీ అంటే ప్రతి సెకనుకూ వేగం గంటకు సుమారు 35 కిలోమీటర్ల చొప్పున తగ్గడం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సెవెన్ తరహా కారు, డ్రైవరుతో కలిపి 600 కిలోలు అనుకుందాం. వీల్‌బేస్ 2.3 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.45 మీటర్లు. నిలబడి ఉన్నప్పుడు ముందు 300 కిలోలు, వెనక 300 కిలోలు. పొడి రోడ్డు మీద 0.8 జీతో బ్రేకు వేస్తే సుమారు 94 కిలోల భారం ముందుకు వెళ్తుంది. అప్పుడు ముందు 394, వెనక 206. అంటే ముందు చక్రాలు 66 శాతం మోస్తున్నాయి. తడి రోడ్డు మీద 0.3 జీకి మించి ఆపలేమనుకుంటే, ముందు వాటా 56 శాతమే. అదే 1 జీ దగ్గర దాదాపు 70 శాతం.

టైరుకు రోడ్డు మీద దొరికే పట్టు, దాని మీద పడే భారాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి బ్రేకు బలాన్నీ అదే నిష్పత్తిలో పంచితే నాలుగు టైర్ల పట్టూ పూర్తిగా వాడుకోవచ్చు. చిక్కేమిటంటే, సరైన పంపకం అన్నది ఒక్క అంకె కాదు. రోడ్డును బట్టి, తొక్కుడును బట్టి అది మారుతూ ఉంటుంది. మామూలు బ్రేకు వ్యవస్థ పంపకం మాత్రం మారదు. మారే అవసరానికి మారని పంపకాన్ని అమర్చాలి కాబట్టి, తేడా ఎటువైపు ఉండాలన్నది మనమే ఎంచుకోవాలి.

ముందు లాక్ అయితే ఏమిటి, వెనక లాక్ అయితే ఏమిటి

మోతాదు మించి బ్రేకు పడితే చక్రం లాక్ అవుతుంది. అంటే తిరగడం ఆగిపోయి, టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. ఈడ్చుకుపోయే టైరుకు ఆపే శక్తి కొంత తగ్గుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. కారును పక్కకు జారకుండా పట్టి ఉంచే శక్తి దాదాపు పూర్తిగా పోతుంది.

ముందు చక్రాలు లాక్ అయ్యాయనుకుందాం. స్టీరింగ్ తిప్పినా కారు వినదు. అయితే వెనక చక్రాలు ఇంకా తిరుగుతూ కారును సరళరేఖలో ఉంచుతాయి. డ్రైవరు పెడల్ కాస్త వదలగానే స్టీరింగ్ మళ్లీ చేతికి వస్తుంది.

వెనక చక్రాలు లాక్ అయితే కథ వేరు. వెనక భాగాన్ని పక్కకు పోకుండా పట్టే శక్తి ఉండదు. రోడ్డు కాస్త వాలుగా ఉన్నా, స్టీరింగ్ కొద్దిగా తిరిగి ఉన్నా వెనక భాగం పక్కకు జారడం మొదలవుతుంది. ముందు టైర్లు కారును వెనక్కి లాగుతుంటాయి, బరువు ముందుకు తోస్తుంటుంది. ఆ రెండూ ఒకే గీతలో లేకపోయేసరికి చిన్న వంకర పెద్దదవుతుంది. కారు గిర్రున తిరిగిపోతుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. మామూలు డ్రైవరు దాన్ని సరిదిద్దేలోపే చేయి దాటిపోతుంది.

అందుకే ప్రపంచమంతటా ఒకటే సూత్రం: ముందు చక్రాలే ముందుగా లాక్ కావాలి, అదీ కొద్ది తేడాతోనే. కార్ల బ్రేకులకు వర్తించే ఐక్యరాజ్యసమితి నిబంధన 13-హెచ్ సారాంశం కూడా ఇదే. 0.15 నుంచి 0.8 జీ దాకా ఏ బ్రేకింగ్‌లోనూ వెనక యాక్సిల్ ముందు యాక్సిల్ కంటే ముందుగా పట్టు కోల్పోకూడదని అది చెబుతుంది.

అరువు బ్రేకులు, అరువు పంపకం

డోనర్ కారు నుంచి బ్రేకులు తెచ్చుకున్నామంటే, ఆ కారు బరువుకూ ఎత్తుకూ సరిపోయిన పంపకాన్ని కూడా తెచ్చుకున్నట్టే. మామూలు కారులో ఇంజిను బరువంతా ముందే ఉంటుంది. కారు ఎత్తూ ఎక్కువే. కాబట్టి దాని బ్రేకులు ముందు వైపు ఎక్కువగా మొగ్గి ఉంటాయి. వాటిని యథాతథంగా తేలికైన, నేలకు దగ్గరగా ఉండే కిట్ కారుకు బిగిస్తే ముందు చక్రాలు తొందరగా లాక్ అవుతాయి. ఇది ప్రమాదం లేని వైపు తప్పే. కానీ దానికీ ధర ఉంది.

మన ఉదాహరణ కారుకు ముందు 75, వెనక 25 శాతం పంపకం ఉందనుకుందాం. 0.8 జీ పట్టున్న రోడ్డు మీద ముందు చక్రాలు సుమారు 0.67 జీ దగ్గరే లాక్ అయిపోతాయి. వెనక టైర్ల పట్టు చాలావరకు వృథా. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు నాలుగు టైర్ల పట్టునూ వాడుకుంటే సుమారు 31.5 మీటర్లలో ఆగుతుంది. ఈ పంపకంతో లాక్ కాకుండా ఆపాలంటే 37 మీటర్లు దాటుతుంది. అదే ముందు వాటా 68 శాతంగా ఉంటే 33 మీటర్లలోపే ఆగుతుంది. అంటే ముందు వైపు కొద్దిగా మొగ్గు ఉంచడానికి మనం చెల్లించేది మీటరున్నర కూడా కాదు.

అసలు ప్రమాదం రెండోవైపు నుంచి వస్తుంది. పాత డ్రమ్ములు తీసేసి, వెనక కూడా డిస్కు బ్రేకులు పెడదామన్న కోరిక చాలామందికి కలుగుతుంది. ఇంకాస్త బరువైన కారు నుంచి వెనక కాలిపర్లు (డిస్కును ప్యాడ్లతో రెండువైపులా నొక్కే భాగాలు) తెస్తారు. ముందు కాలిపర్ పిస్టన్ వ్యాసం 48 మిల్లీమీటర్లు, వెనకది 38 అనుకుందాం. ముందు ప్యాడ్లు డిస్కు కేంద్రం నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో నొక్కుతాయి, వెనకవి 105. రెండువైపులా ఒకే రకం ప్యాడ్లు, ఒకే ఆయిల్ ఒత్తిడి. అప్పుడు బ్రేకు బలం పిస్టన్ వైశాల్యాన్నీ, ఆ దూరాన్నీ గుణించినంత. లెక్క వేస్తే ముందు 60, వెనక 40 శాతం వస్తుంది.

ఈ కారు తడి రోడ్డు మీద బుద్ధిగానే ఆగుతుంది. ఎందుకంటే అక్కడ కావలసిన ముందు వాటా 56 శాతమే. పట్టు 0.53 జీ దాటిన రోడ్డు మీద మాత్రం వెనక చక్రాలే ముందు లాక్ అవుతాయి. పొడి రోడ్డు మీద, గట్టిగా తొక్కిన రోజున, మొదటిసారిగా ఆ తప్పు బయటపడుతుంది. అప్పటిదాకా బ్రేకులు బాగున్నాయనే అనిపిస్తుంది.

ఏది మార్చితే పంపకం మారుతుంది

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. సర్వో (పెడల్ తొక్కుడుకు ఇంజిను శూన్యపీడనం సాయంతో బలం జోడించే డబ్బా) తీసేస్తే పెడల్ గట్టిపడుతుంది. ముందుకూ వెనకకూ కలిపి ఒకే మాస్టర్ సిలిండర్ (తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే గొట్టం) ఉన్నప్పుడు దాని సైజు మారిస్తే పెడల్ బరువు, పెడల్ దిగే లోతు మారతాయి. ఈ రెండు మార్పుల వల్లా పంపకం మాత్రం మారదు. రెండువైపులా ఒత్తిడి కలిసి పెరుగుతుంది, కలిసి తగ్గుతుంది.

పంపకం మారాలంటే ముందుకూ వెనకకూ మధ్య తేడా తేవాలి. పిస్టన్ సైజు, డిస్కు వ్యాసం, ప్యాడ్ రకం మార్చడం ఒక దారి. రెండో దారి, ముందుకొకటి వెనకకొకటి వేర్వేరు మాస్టర్ సిలిండర్లు పెట్టడం. ఒకే బలంతో నొక్కినప్పుడు సన్నని సిలిండర్‌లో ఎక్కువ ఒత్తిడి పుడుతుంది. మన ఉదాహరణలో ముందుకు 15.9 మిల్లీమీటర్ల సిలిండరు, వెనకకు 19.05 మిల్లీమీటర్ల సిలిండరు పెడితే ముందు ఒత్తిడి వెనక కంటే 1.44 రెట్లవుతుంది. 60 శాతంగా ఉన్న ముందు వాటా 68 దాటి 69కి చేరువవుతుంది. ఇప్పుడు పట్టు 0.95 జీ దాకా ముందు చక్రాలే ముందు లాక్ అవుతాయి. మామూలు టైర్లకు ఇది చాలు.

ఆ రెండు సిలిండర్లనూ కలిపి నొక్కేది బ్యాలెన్స్ బార్. దీన్ని దగ్గరగా చూడాలి. పెడల్‌కు అడ్డంగా ఒక గొట్టం, అందులో గుండ్రని బేరింగు, దాని గుండా మరలు కోసిన కడ్డీ. కడ్డీ రెండు కొసలూ రెండు సిలిండర్లను నొక్కుతాయి. బేరింగు సరిగ్గా మధ్యలో ఉంటే బలం సగం సగం. కడ్డీని తిప్పితే బేరింగు ఒక పక్కకు జరుగుతుంది. ఏ సిలిండర్‌కు దగ్గరైతే దానికి ఎక్కువ బలం. రెండు కొసల మధ్య 64 మిల్లీమీటర్లు ఉంటే, బేరింగు 3 మిల్లీమీటర్లు జరిగేసరికి బలం 55, 45గా చీలుతుంది. మన కారులో అది ముందు వైపుకు జరిగితే ముందు వాటా 69 నుంచి 72 శాతం దాటిపోతుంది. మూడు మిల్లీమీటర్లు జరిగితేనే ఇంత తేడా! కడ్డీ కాస్త వాలడానికి చోటుండాలి. ఒక వైపు పైపు లీకై ఒత్తిడి పోతే కడ్డీ అటువైపు పూర్తిగా వాలుతుంది. అప్పుడు కూడా రెండో సిలిండరును నొక్కగలగాలి. ఇరుక్కుపోతే మొత్తం బ్రేకులు పోయినట్టే.

మూడో దారి ప్రపోర్షనింగ్ వాల్వు (ఒక స్థాయి దాటాక ఒత్తిడి పెరుగుదలను తగ్గించే కవాటం). ఇది వెనక పైపులోనే ఉండాలి. మెల్లగా తొక్కినప్పుడు వెనక చక్రాలకు పూర్తి వాటా వెళ్తుంది. గట్టిగా తొక్కేకొద్దీ వెనక వాటా తగ్గుతుంది. గట్టి బ్రేకింగ్‌లో వెనక భారం తగ్గుతుందని చూశాం కదా, ఆ మార్పును ఈ వాల్వు కొంతవరకు అనుసరిస్తుంది. పొరపాటున ముందు పైపుకు బిగిస్తే ఫలితం సరిగ్గా తలకిందులవుతుంది.

సర్దే వరుస

లెక్క మనల్ని దగ్గరకు చేరుస్తుంది. చివరి మాట రోడ్డుదే.

మొదట ఆయిల్ పైపుల్లోని గాలి పూర్తిగా తీయాలి. ఒక వైపు గాలి బుడగ మిగిలినా ఆ వైపు ఒత్తిడి ఆలస్యంగా పుట్టి పంపకం తప్పుగా కనిపిస్తుంది. కొత్త ప్యాడ్లు డిస్కులకు అరిగి ఒదిగే దాకా మెల్లగా నడపాలి. రేసు కోసం చేసిన గట్టి ప్యాడ్లు వేడెక్కితేనే సరిగ్గా పట్టుకుంటాయి. తేలికైన కారులో, అందులోనూ వెనక వైపు, అవి వేడెక్కే అవకాశమే తక్కువ. మామూలు రోడ్డు కారుకు అవి వద్దు.

తర్వాత రోలర్ బ్రేక్ టెస్టర్ (చక్రాలను తిరిగే రోలర్ల మీద ఉంచి ఒక్కో చక్రం బ్రేకు బలాన్ని కొలిచే యంత్రం) మీద చూడాలి. కుడి ఎడమల తేడా ముందు ఇక్కడే సరిచేసుకోవాలి. ఒకే తొక్కుడుకు ముందెంత, వెనకెంత బలం వస్తోందో రాసుకోవాలి.

ఆ తర్వాతే రోడ్డు పరీక్ష. జనం, వాహనాలు లేని విశాలమైన మూసిన స్థలం కావాలి. పొడిగా ఉన్న రోజును ఎంచుకోవాలి. వెనక చక్రాలు ముందుగా లాక్ అయ్యే ప్రమాదం పట్టు ఎక్కువ ఉన్నచోటే ఎక్కువ. సెవెన్ తరహా కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక ఉంటుంది, పక్క సీటు కూడా వెనక చక్రాలకు దగ్గరే. కాబట్టి ట్యాంకు దాదాపు ఖాళీగా, డ్రైవరు ఒక్కరే ఉన్నప్పుడు పరీక్షించాలి. వెనక భారం అతి తక్కువగా ఉండేది అప్పుడే.

టైర్ల పక్కభాగం మీద సుద్దముక్కతో అడ్డంగా తెల్లని గీత గీస్తారు. దూరంగా, సురక్షితంగా నిలబడ్డ మనిషి ఫోనులో వీడియో తీస్తారు. తిరిగే చక్రం మీద గీత మసకగా కనిపిస్తుంది. చక్రం లాక్ అయిన క్షణంలో గీత స్పష్టంగా నిలిచిపోతుంది. ఏ గీత ముందుగా ఆగిందో చూస్తే జవాబు తెలిసిపోతుంది. గంటకు 30 కిలోమీటర్లతో మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా వేగం పెంచాలి. ప్రారంభంలో పంపకాన్ని కావాలనే ముందు వైపు మొగ్గి ఉంచాలి. ప్రతిసారీ కొద్దికొద్దిగా వెనకకు జరుపుతూ, వెనక గీత ముందుగా ఆగే సూచన కనబడగానే మళ్లీ ముందుకు రావాలి. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కార్లకు 2009 నుంచి ఐవీఏ అనే విడి తనిఖీ ఉంది. అక్కడ బ్రేకుల పంపకాన్నీ పరిశీలిస్తారు. బ్యాలెన్స్ బార్ సర్దిన తర్వాత ఇష్టమొచ్చినట్టు తిప్పడానికి వీల్లేకుండా స్థిరంగా బిగించి ఉండాలి.

మన విద్యార్థులకు పనికొచ్చే సంగతి

ఈ విద్య మనకు దూరమైనదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు బాహా ఎస్ఏఈ ఇండియా, సుప్రా, ఫార్ములా భారత్ వంటి పోటీల కోసం సొంతంగా బండ్లు కడుతున్నారు. ఈ తరహా పోటీల్లో బ్రేకు పరీక్ష నెగ్గనిదే బండి ట్రాక్ ఎక్కదు. రెండు విడి ఆయిల్ సర్క్యూట్లు ఉండాలి. గట్టిగా తొక్కినప్పుడు నాలుగు చక్రాలూ లాక్ అయి, బండి తిన్నగా ఆగాలి.

నాలుగూ లాక్ కావాలన్న నిబంధనను చూసి వెనక వాటా పెంచెయ్యాలనిపించవచ్చు. అది సరైన దారి కాదు. మొత్తం బ్రేకు బలం సరిపడా ఉంటే, పెడల్ లోతుగా వెళ్లేకొద్దీ మొదట ముందువి, వెంటనే వెనకవి లాక్ అవుతాయి. పరీక్షా నెగ్గవచ్చు, బండీ తిరగదు. బలం చాలకపోతే పెడల్ నిష్పత్తిని గానీ, రెండు సిలిండర్ల సైజునూ కలిపి గానీ మార్చుకోవాలి. బలాన్నీ పంపకాన్నీ వేర్వేరుగా చూడగలిగితే సగం సమస్యలు డ్రాయింగ్ దశలోనే తీరిపోతాయి.

ఒకసారి సర్దిన పంపకం శాశ్వతం కాదు. మరింత పట్టున్న టైర్లు వేస్తే బ్రేకింగ్ తీవ్రత పెరుగుతుంది, భారం ఇంకా ముందుకు జరుగుతుంది. 0.95 జీ దాకా క్షేమంగా ఉన్న మన కారు, 1 జీ దాటించే ట్రాక్ టైర్లతో వెనక చక్రాలను ముందుగా లాక్ చేసుకుంటుంది. బ్రేకుల్లో ఒక్క నట్టు కూడా కదలకుండానే కారు ప్రమాదకరంగా మారుతుంది. ప్యాడ్ల రకం మార్చినా, ఇంజిను మార్చినా, సస్పెన్షన్ ఎత్తు మార్చినా ఇదే మాట. అందుకని బండి కట్టినవారు సిలిండర్ల సైజులు, ప్యాడ్ల పేరు, బార్ స్థానం, పరీక్ష నాటి టైర్లు అన్నీ ఒక కాగితం మీద రాసి బండి పత్రాలతోపాటు ఉంచాలి. బండి చేతులు మారినా ఆ కాగితం బండితోనే వెళ్లాలి. టైర్లు మార్చే రోజున దాన్ని తీసి చదివి, పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి.